దీప్లా పిరికివాడని చెప్పడానికి వచ్చిన సాక్షులు

మిర్యాలగూడ సాగర్ రోడ్డులో దీప్లా నాయక్‌కి మోటార్లు బాగుచేసే షాపు ఉంది. పైన రేకులు, ముందొక బల్ల, ఆ బల్ల మీద ఎప్పుడు చూసినా నలుగురు రైతులు, వాళ్ల కాళ్ల దగ్గర కాలిపోయిన మోటార్లు. దీప్లా నౌకాదళంలో పదిహేనేళ్లు పనిచేసి, తొంభై ఎనిమిదిలో తిరిగొచ్చి ఈ షాపు పెట్టుకున్నాడు. ఓడ ఇంజన్ గదిలో నిప్పు పుట్టినప్పుడు చూపిన సాహసానికి ప్రభుత్వం ఆయనకు పతకం ఇచ్చింది. ఈ సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. కొత్తవాళ్లెవరైనా "నీకు మెడల్ ఇచ్చిన్రట గదనే?" అని అడిగితే, చేతిలో రాగితీగ వదలకుండానే జవాబు చెబుతాడు.

"ఇచ్చిన్రు. గని నాకు గాదు. నా బుగులుకు ఇచ్చిన్రు."

బుగులంటే భయం. అది ఉన్నంతగా తనలో ఇంకేదీ లేదని ఆయన గట్టి నమ్మకం.

మా పొలం మోటారు తరచుగా కాలుతుంది. తీగ చుట్టడం పూర్తయ్యేదాకా ఆ బల్ల మీద కూర్చోవడం తప్ప వేరే పని ఉండదు కనుక, ఈ కథను నేను ముక్కలు ముక్కలుగా చాలాసార్లు విన్నాను. ఒకసారి చెప్పినదానికీ ఇంకోసారి చెప్పినదానికీ తేడా ఒక్కటే. ప్రతిసారీ ఆయన ఇంకాస్త పిరికివాడయ్యేవాడు.

ఆయనది త్రిపురారం దగ్గర తండా. తండ్రి కాల్వ కింద వరిపొలాల్లో కూలి. దీప్లా ఇంటర్ దాకా మిర్యాలగూడలో చదివి, ఎనభై మూడులో నల్గొండలో నేవీ ఎంపికలు జరుగుతున్నాయంటే స్నేహితులతో కలిసి వెళ్లాడు. స్నేహితులు పరుగులో వెనకబడ్డారు. ఈయన ముందొచ్చాడు. "ఉరుకుడు నాకు చిన్నప్పటి నుంచి అలవాటే గద. ఎనక ఏదన్న వస్తున్నదనుకుంటె సాలు" అంటాడు. ఏ పని కావాలని అడిగితే ఇంజన్ పని కోరుకున్నాడు. కారణం యంత్రాల మీద ప్రేమ కాదు. ఓడ పైన నిలబడితే సముద్రంలో పడొచ్చు, అడుగున కూర్చున్నవాడు ఎక్కడికి పడతాడు అని లెక్క వేసుకున్నాడు.

"పదిహేనేండ్ల నౌకరీల అయిదేండ్లు నీళ్ల మీద తిరిగిన. సముద్రం సూసింది తక్కువ. ఇస్కూలు పిల్లలు వైజాగ్ టూర్ పొయ్యి నాకంటె ఎక్కువ సూసి వస్తరు."

ఎనభై ఎనిమిదిలో సెలవు మీద వచ్చినప్పుడు సంబంధం కుదిరింది. సూర్యాపేట అవతల చివ్వెంల దగ్గరి తండాలో హన్మా అనే ఆయన చిన్న కూతురు జమున. ఆ ఏడాది తీజ్ పండుగకు బంధువుల వెంట ఆ తండాకు వెళ్లిన దీప్లా, గోధుమ మొలకల బుట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తున్న జమునను చూశాడు. చూస్తూ నడిచి మేకల గుంజకు తట్టుకుని పడ్డాడు. ఆమె బుట్ట కదలకుండా, మెడ తిప్పకుండా, కళ్లతోనే నవ్వింది. ఇంకెవరినీ చేసుకోనని దీప్లా ఇంట్లో చెప్పింది ఆ రోజే. పెద్దలు కలిసి బెల్లం పంచుకున్నారు. తండాల్లో ఆ బెల్లం నోట్లో పడితే మాట ఖాయమైనట్టే. లగ్గం వచ్చే ఎండాకాలం సెలవులో అనుకున్నారు.

ఈలోగా ఓడలో నిప్పు రానే వచ్చింది, పతకమూ వచ్చింది. ఎండాకాలం ట్రంకుపెట్టెతో దీప్లా ఇంటికి చేరాడు. తల్లి మంగ్లీ ఆ పతకాన్ని కొంగున కట్టుకుని తండా అంతా తిరిగింది. లగ్గం రోజు మాట్లాడటానికి హన్మా వచ్చినప్పుడు కూడా మొదట నీళ్లు ఇవ్వలేదు, పతకం చేతిలో పెట్టింది.

హన్మా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన నవ్వు మెల్లగా పోయింది.

"గిది సర్కారు బిళ్ళ గదనే?"

"అవ్, సర్కారే ఇచ్చింది మామా" అన్నాడు దీప్లా గర్వంగా. ఆ గర్వం తనను ముంచిందని ఇప్పటికీ అంటాడు.

హన్మాకు బిళ్ళలు కొత్త కాదు. మిర్యాలగూడ స్టేషన్లో కూలీ చేతికి ఇత్తడి బిళ్ళ ఉంటుంది. రైలు ఆగితే మూట అతనే మోయాలి. సూర్యాపేట కచేరీలో బంట్రోతు ఛాతీ మీద బిళ్ళ ఉంటుంది. దొర పిలిస్తే అన్నం ముందు నుంచైనా అతనే లేవాలి. బిళ్ళ ఇచ్చారంటే ఆ పని అతని మెడకు కట్టినట్టు. మరి నిప్పులో దూకినందుకు బిళ్ళ ఇచ్చారంటే?

"ఇగ ఏ ఓడకు నిప్పంటుకున్నా నిన్నే పిలుస్తరు" అన్నాడు హన్మా.

"గట్ల కాదు మామా. అయిపోయిన పనికి ఇచ్చిన్రు."

"అయిపోయిన పనికి సర్కారు ఏనాడన్న ఏమన్న ఇచ్చిందానే? నాకు ఎరుక లేదా?"

"మామ మాటల తప్పు యాడుందో చెప్పున్రి సూద్దాం" అని దీప్లా ఇప్పటికీ బల్ల మీది రైతులను అడుగుతాడు. వాళ్లూ ఆలోచిస్తారు.

అయితే హన్మా భయం నవ్వులాటది కాదు. ఆయన పెద్ద కూతురు రంగి. రంగి భర్త మంచి ఈతగాడు, భయమంటే తెలియనివాడు. నిండుగా పారుతున్న కాల్వలో ఎవరిదో ఎద్దు కొట్టుకుపోతుంటే దూకాడు. ఎద్దు ఒడ్డుకెక్కింది, మనిషి ఎక్కలేదు. పెళ్లయిన రెండేళ్లకే రంగి తిరిగి తండ్రి ఇంటికి వచ్చింది.

"దైర్నమున్న అల్లుడు నాకొకడు అయిండు. ఇంకొకడు వద్దు" అని చెప్పి హన్మా నీళ్లు ముట్టకుండా వెళ్లిపోయాడు. రెండు రోజులకు కబురొచ్చింది. పిల్ల కూడా వద్దంటోందట.

ఆ కబురు విన్నప్పటి సంగతి చెప్పేటప్పుడు మాత్రం దీప్లా తీగ చుట్టడం ఆపుతాడు. "పొగల గూడ గంత ఊపిరాడకుంట కాలేదన్నా" అంటాడు. అని, వెంటనే, "గుంజకు తట్టుకొని పడ్డోణ్ణి ఏమని వద్దనుకున్నదో అని గూడ ఓ అనుమానం ఉండె" అని నవ్వేస్తాడు.

హన్మా తండాకు పెద్ద సక్రు నాయక్. ఆయన మధ్యలో పడ్డాడు. బెల్లం తిన్న మాట ఊరికే తెంపకూడదు, పంచాయితీలో కూర్చుందాం, పిల్లగాడు దేంట్లో పడితే దాంట్లో దూకే రకమో కాదో సాక్షులను పెట్టి తేల్చుదాం అన్నాడు. దూకే రకమైతే సంబంధం లేదు. కాకపోతే లగ్గం.

అలా ప్రభుత్వం ధైర్యవంతుడని తేల్చిన మనిషి, పిరికివాడినని నిరూపించుకోవలసి వచ్చింది.

సాక్షులకు కొదవ లేదు. అడిగితే తండాకు తండా బస్సెక్కేది. చివరికి తల్లి మంగ్లీని, చిన్ననాటి స్నేహితుడు హేమ్లాను తీసుకుని మిర్యాలగూడలో ఎర్రబస్సెక్కాడు దీప్లా. మూడో సాక్షి కోదాడ నుంచి నేరుగా రావాలి. అతను దామోదర్, దీప్లాతో ఒకే ఓడలో, ఒకే ఇంజన్ గదిలో పనిచేసినవాడు. అతనూ సెలవులోనే ఉన్నాడు. "ఓడల నేనెంత పిరికోణ్ణో నీకే ఎరుక, వచ్చి చెప్పాలె" అని కబురు పంపితే తప్పకుండా వస్తానన్నాడు.

సూర్యాపేట బస్టాండులో దిగి టీ తాగుతూ దీప్లా తల్లికి నచ్చజెప్పాడు. మంగ్లీ మొరాయించింది.

"నా నోటితోని నా కొడుకును పిరికోడంటనా? పంచాయితిల? సస్తె అనను."

"అనకుంటె కోడలు రాదు యాడీ" అన్నాడు. తండాలో యాడీ అంటే అమ్మ.

"రాకుంటె మాయె. ఇంకో కోడలు దొరకదా?"

"నాకు ఇంకో పిల్ల వద్దు."

మంగ్లీ కొడుకు ముఖం చూసింది. గ్లాసు కింద పెట్టింది. "ఒక్క ముచ్చట చెప్త. ఒక్కటే" అంది.

పంచాయితీ చివ్వెంల తండాలో వేపచెట్టు కింద, పొద్దున్నే మొదలైంది. ఒకవైపు హన్మా వాళ్లు, ఒకవైపు దీప్లా వాళ్లు, మధ్యలో సక్రు నాయక్. ఆడవాళ్లు కొంచెం దూరంలో హన్మా ఇంటి అరుగు మీద కూర్చున్నారు. రంగి ముందుంది. జమున తలుపు వెనక ఉందని దీప్లాకు తెలుసు. గాజుల చప్పుడు గుర్తుపట్టానంటాడు.

మంగ్లీ లేచి కొంగు సర్దుకుంది. "నా కొడుకు పొదిగే కోడికి బుగులు పడుతుండె" అంది. "గంప కాడికి పోవాల్నంటె నా కొంగు పట్టుకుంటుండె."

"ఎంతున్నప్పుడు?" అని అడిగాడు సక్రు నాయక్.

"పదోది సదివేటప్పుడు."

పంచాయితీ నవ్వింది. ఆ నవ్వు మంగ్లీకి నచ్చినట్టుంది. ఇంకోటి చెప్పింది. దవాఖానలో సూది మందు తెస్తుంటే కిటికీ దూకి బస్టాండు దాకా ఉరికిన సంగతి. మేకను కోసే పండుగనాడు వడ్ల గుమ్మిలో దాక్కుని, అందులోనే నిద్రపోతే తండా మొత్తం కాల్వ గట్టున వెతికిన సంగతి. సముద్రంలో ఉద్యోగానికి పోయేవాడు ఇంట్లో బల్లి పడితే పక్కింట్లో పడుకున్న సంగతి. దీప్లా "సాలు యాడీ" అంటున్నాడు. ఆమె వినలేదు. మొదలుపెట్టించడమే కష్టమనుకున్నాడు గానీ, ఆపించడం గురించి ఆలోచించలేదు.

తరువాత హేమ్లా లేచాడు. వేములపల్లి నుంచి వరినారు మోసుకొస్తుంటే ఒక బర్రె ముక్కుతో బుస్సుమన్నదని, దీప్లా నారు కట్ట పారేసి మోటారు రూము పైకెక్కాడని చెప్పాడు. "బర్రె పోయింది. బర్రె గలామె పోయింది. మేం నాట్లేసి, అన్నం తిని వచ్చినం. ఈయన గాడనే ఉండె. 'బర్రె మళ్ల వస్తదేమో సూడురా' అంటడు."

సక్రు నాయక్ కళ్లు తుడుచుకున్నాడు. హన్మా పెదవి కూడా ఒక పక్కకు కదిలింది. "గిట్లాంటోడు నిప్పుల ఎట్ల దుంకిండు మరి?" అన్నాడు, సగం నమ్మినట్టు. అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. గెలిచాననుకున్నాడు దీప్లా.

అప్పుడొచ్చాడు దామోదర్. బస్సు ఆలస్యమైందట. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ల సంచి, ఒక కాలు కొంచెం ఈడుస్తూ. వచ్చీ రాగానే అందరికీ దండం పెట్టాడు.

"చెప్పు బిడ్డా, దీప్లా దైర్నమున్నోడా, పిరికోడా?" అని అడిగాడు సక్రు నాయక్.

దామోదర్ దీప్లా వైపు చూశాడు. దీప్లా కళ్లతో బతిమాలాడు. దామోదర్ పళ్ల సంచి కింద పెట్టాడు.

"అబద్ధం చెప్పమని పిలిచాడండీ వీడు. బస్సులో అంతా అదే అనుకుంటూ వచ్చాను. నా వల్ల కాదండీ. నేనివాళ మీ ముందు నిలబడ్డానంటే వీడి చలవే."

దీప్లా తల పట్టుకున్నాడు.

దామోదర్ చెప్పుకుంటూ పోయాడు. ఇంజన్ గదిలో నూనె పైపు పగిలింది. వేడి ఇనుము మీద నూనె పడి మంట లేచింది. అందరూ నిచ్చెన ఎక్కి బయటపడ్డారు. దామోదర్ కాలు ఇనుప మెట్ల మధ్య ఇరుక్కుంది. పొగలో ఏమీ కనబడక, తెలిసిన ఒకే ఒక్క పేరు పెట్టి అరిచాడు. ఒరేయ్ దీప్లా, దీప్లా అని. ఆ ఓడలో అతనికి తెలుగు మాట్లాడే మనిషి ఇంకెవరూ లేరు.

"అంతేనండీ. వచ్చేశాడు. మంటలోకి."

హన్మా మొహం మళ్లీ గట్టిపడింది. తుండు దులుపుకుని లేవబోయాడు. "ఇన్నరు గద. ఇంకేం గావాలె? మా పెద్దల్లుడు గూడ గిట్లనే ఉండె. ఖతం."

దీప్లా ఆఖరి ప్రయత్నం చేశాడు. "వాడు దేవున్ని పిలిస్తె నేను బయట్నే ఉంటుంటి మామా! పేరు పెట్టి పిలిచిండు. ఇగ ఏం జెయ్యాలె?"

ఎవరూ నవ్వలేదు.

అరుగు మీద నుంచి రంగి లేచి నాలుగడుగులు ముందుకొచ్చింది. పంచాయితీలో ఆడవాళ్లు మాట్లాడటం అంతగా లేని రోజులవి. సక్రు నాయక్ చెయ్యెత్తి అందర్నీ ఆగమన్నాడు.

"ఓ అన్నా" అంది రంగి దామోదర్‌తో. "ఆయన ఎట్ల వచ్చిండు? ఉరుక్కుంట వచ్చిండా?"

"ఉరుక్కుంటూనా?" దామోదర్‌కి ఆ దిగులులోనూ నవ్వొచ్చింది. "వీడా? ఏడ్చుకుంటూ వచ్చాడమ్మా. యాడీ, యాడీ అని మీ భాషలో అమ్మను పిలుస్తూ. మధ్యమధ్య నన్ను తిట్టడం. నీ మూలాన చస్తున్నాన్రా, చివ్వెంలలో నాకు పిల్లని మాట్లాడుకున్నార్రా అని. ఆ ఏడుపు వినబడే కదా ఎటున్నాడో తెలిసి చెయ్యి చాపాను!"

"ఉత్త చేతులతోని వచ్చిండా?"

"లేదమ్మా, నడుముకు తాడు కట్టుకున్నాడు. అది ఓడంతా చెప్పుకుని నవ్వారు. ముడి మీద ముడి వేసుకున్నాడట. రెండో కొస బయట అయిదుగురి చేతిలో పెట్టి, 'ఒకసారి గుంజితే లాగండి, రెండుసార్లు గుంజితే లాగండి, అసలు గుంజకపోయినా లాగండి' అన్నాడట. సగం దూరం వచ్చాక వెనక్కి పోయి, వాళ్లు పట్టుకున్నారో లేదో చూసుకుని మళ్లీ వచ్చాడు."

"ఒక్కసారే పోయిన" అన్నాడు దీప్లా నేల చూస్తూ.

"ఇంకోటి. ఆ నూనె పైపు వాల్వు తిప్పి కట్టేసింది కూడా వీడే. దానివల్లే ఓడ దక్కింది, మెడల్ వచ్చింది. ఎందుకు కట్టేశావురా అని ఆఫీసర్ అడిగితే ఏమన్నాడో తెలుసా? నిప్పు నా తాడు దిక్కు వస్తోంది సార్, తాడు కాలితే నేనెట్లా బయటికి రావాలి అన్నాడు."

హేమ్లా ఫక్కున నవ్వి, చుట్టూ చూసి నోరు మూసుకున్నాడు. రంగి నవ్వలేదు. తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, మీ అల్లుడు దుంకినప్పుడు నేను ఒడ్డు మీదనే ఉంటి."

హన్మా తలెత్తాడు. భర్త పోయిన రోజు గురించి రంగి తండ్రితో ఎప్పుడూ మాట్లాడలేదు.

"పగ్గం ఆయన చేతులనే ఉండె. గంత పొడుగు పగ్గం. 'నడుముకు కట్టుకో, మేం పట్టుకుంటం' అన్న. 'నాకెందుకే' అని నవ్విండు. ఒడ్డు మీద ఇసిరేసి దుంకిండు." ఆమె దీప్లా వైపు చెయ్యి చూపింది. "బిళ్ళ సంగతి నాకెరుక లేదు. ఈ పిల్లగాడు తిరిగి రావాల్నని పోయిండు. ఆయన గట్ల పోలే."

సక్రు నాయక్ చేతిలో బీడీ ఆరిపోయింది. హన్మా లేచినవాడు లేచినట్టే, తుండు సగం భుజం మీద, సగం చేతిలో పెట్టుకుని నిలబడిపోయాడు. రంగితో, "చెల్లె ఏమంటదో అడుగు" అన్నాడు.

అడగడానికి ఎవరూ వెళ్లనక్కర్లేకపోయింది. తలుపు వెనక నుంచి జమునే గడప దాటింది. పంచాయితీ వైపు చూడకుండా, దామోదర్‌ని అడిగింది.

"మళ్ల పోతడా అన్నా?"

దామోదర్ ఈసారి తొందరపడలేదు. స్నేహితుణ్ణి ఎగాదిగా చూసి చెప్పాడు. "ఊరికే పోడమ్మా. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పోతాడు. తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ, తాడు కట్టుకుని పోతాడు. వద్దన్నా ఆగడు. అది మాత్రం నిజం."

జమున ఆలోచించింది. ఆమె ఆలోచించినంతసేపూ తాను ఊపిరి తీసుకోలేదంటాడు దీప్లా. ఇంజన్ గదిలో నేర్చిన విద్య అక్కడే అక్కరకొచ్చిందట.

మా దిక్కు తండాల్లో గానీ ఊళ్లలో గానీ ఆడది మొగుడి పేరు పలకదు. కాబోయేవాడి పేరైనా అంతే. పేరు చెప్పాల్సి వస్తే పక్కవాళ్లకు సైగ చేసి వాళ్లతో చెప్పిస్తారు తప్ప తాము బయటికి అనరు. జమున ఆ వేపచెట్టు కింద, రెండు తండాల పెద్దలూ, తండ్రీ, రాబోయే అత్తా చూస్తుండగా, గొంతెత్తి పిలిచింది.

"దీప్లా!"

హన్మా నోరు తెరిచాడు. సక్రు నాయక్ ముసిముసిగా నవ్వుతూ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

దీప్లా లేచాడు. లేవగానే దామోదర్ తెచ్చిన పళ్ల సంచి కాలికి తగిలి, బత్తాయిలు పంచాయితీ మధ్యలో దొర్లాయి.

"సూడున్రి, సూడున్రి, కాళ్లు ఎట్ల వణుకుతున్నయో!" అని మంగ్లీ చేతులు చరిచింది. సాక్ష్యం ఇంకా అయిపోలేదనే అనుకుంటోంది ఆమె.

నిజమే, వణుకుతున్నాయి. దీప్లా వాటిని ఆపడానికి కూడా చూడలేదు. బత్తాయిలు దాటుకుంటూ గడప దాకా వెళ్లాడు.